అజొల్లానా, డక్‌వీడా, జీలుగా? మీ నీళ్లను బట్టి ఎంచుకోండి

పాలకేంద్రం దగ్గరైనా, ఎరువుల దుకాణం దగ్గరైనా ఈ మధ్య మా వరంగల్ పల్లెల్లో తరచూ వినిపించే ప్రశ్న ఒకటుంది. "అన్నా, అజొల్లా పెడితే పాలు పెరుగుతయట, నిజమేనా?" అజొల్లా అంటే నీళ్ల మీద తేలుతూ పెరిగే చిన్న మేత మొక్క. అడిగేవాళ్లలో కొందరికి రెండు బర్రెలుంటాయి. కొందరికి పెరట్లో పది నాటుకోళ్లుంటాయి. కొందరికి రెండెకరాల వరి తప్ప ఇంకేమీ ఉండదు. వీళ్లందరికీ ఒకే జవాబు సరిపోదు. అయినా ఫోన్లలో తిరిగే వీడియోలు అందరికీ ఒకే మాట చెబుతాయి: గుంత తవ్వండి, కవరు పరవండి, అజొల్లా వేయండి. అట్లా మొదలుపెట్టిన గుంతలు చాలావరకు ఏప్రిల్ ఎండలకు మాడిపోయి, ఆ కవరు గడ్డివాము మీదికి చేరింది. అజొల్లా మంచి మొక్కే. కాకపోతే దాన్ని ఎందుకు పెంచుతున్నామో, మన దగ్గరున్న నీళ్లు దానికి నప్పుతాయో లేదో ముందే చూసుకోవాలి.

ఈ పోలిక అందుకే రాస్తున్నాను. నీటి మీద తేలే చిన్న మొక్కల్లో ఏది ఎవరికి పనికొస్తుంది, ఎక్కడ వాటికంటే నేల మీద పెంచి దమ్ములో కలిపే జీలుగ లాంటి పచ్చిరొట్టే నయం, వేటిని అసలు దగ్గరికి రానివ్వకూడదు అన్నది చెప్పడం నా ఉద్దేశం.

ముందు ఏది ఏదో గుర్తుపట్టాలి

కుంట మీద పచ్చగా ఏది కనిపించినా నాచు అనేస్తాం. కానీ నాచు వేరు, ఇవి వేరు. అజొల్లా ఫెర్న్ జాతి మొక్క. పూలు పూయదు, గింజ కట్టదు. చెయ్యి పెట్టి తీస్తే ఆకులు పొలుసుల్లా ఒకదాని మీద ఒకటి సర్దుకుని ఉంటాయి, కింద సన్నని వేళ్లు విడివిడిగా నీళ్లలోకి వేలాడుతుంటాయి. నీడలో పచ్చగా ఉంటుంది. ఎండ ఎక్కువైనా, చలి ఎక్కువైనా, భాస్వరం చాలకపోయినా ఇటుక రంగుకు తిరుగుతుంది. ఆ ఎరుపు ఏదో తక్కువైందని మొక్క చెప్పే మాట. దాన్ని చూసీ చూడనట్టు వదిలేయకూడదు.

డక్‌వీడ్ పుష్పించే మొక్కల్లోదే, కానీ దానికి కాండం, ఆకు అని విడిగా ఉండవు. నున్నటి చిన్న పచ్చబిళ్లలు, అంతే. లెమ్నా రకంలో ఒక్కో బిళ్ల కింద ఒకే వేరు ఉంటుంది. స్పైరోడెలా కొంచెం పెద్దది, కింద వేళ్ల గుత్తి ఉంటుంది, బిళ్ల అడుగు ఊదారంగులో ఉంటుంది. వోల్ఫియాకు వేరే ఉండదు. అరచేతిలో పోసుకుంటే తడిసిన బొంబాయి రవ్వలా ఉంటుంది. ప్రపంచంలో పుష్పించే మొక్కలన్నిటిలోకీ అతి చిన్నది ఇదే, ఒక్కోటి మిల్లీమీటరు కూడా ఉండదు. థాయ్‌లాండ్‌లో దీన్ని మనుషులే కూరల్లో వేసుకుని తింటారు.

ఇక సాల్వీనియా. ఇదీ ఫెర్నే, అజొల్లాకు దగ్గరి చుట్టం, అందుకే తికమక పడతారు. దీని ఆకులు జంటలు జంటలుగా, గోరంత నుంచి రూపాయి బిళ్లకంటే పెద్దగా ఉంటాయి. ఆకు పైన సన్నటి నూగు ఉంటుంది, నీళ్లు చల్లితే చుక్కలుగా జారిపోతాయి. ఆకు మీద నూగు కనిపిస్తే అది అజొల్లా కాదు, ఇంటికి తేవద్దు. ఎందుకో చివర్లో చెబుతాను. అంతరతామర, గుర్రపుడెక్క మీకు తెలిసినవే.

ఎంపికంతా నత్రజని దగ్గరే తేలిపోతుంది

అజొల్లా పై ఆకులో కంటికి కనిపించని చిన్న గది ఉంటుంది. అందులో నీలి ఆకుపచ్చ జాతి సూక్ష్మజీవి కాపురముంటుంది. గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు అందించేది అదే. కంది వేర్ల బొడిపెల్లో జరిగే పనే ఇక్కడ ఆకులో జరుగుతుంది. తేడా ఏమిటంటే కందికి బ్యాక్టీరియా నేలలోంచి కొత్తగా చేరాలి, అజొల్లాకు మాత్రం అది తల్లిమొక్క నుంచి పిల్లమొక్కకు వారసత్వంగా వస్తుంది. కాబట్టి అజొల్లాకు నీళ్లలో నత్రజని లేకపోయినా పెద్దగా పట్టదు. దానికి కావలసింది భాస్వరం.

డక్‌వీడ్‌ది దీనికి తిరగబడ్డ సంగతి. దానికి తనంత తాను గాలిలోంచి నత్రజని పట్టే ఏర్పాటు లేదు. నీళ్లలో ఉన్న అమ్మోనియాను, పెండ నీళ్లను, మురుగును పీల్చుకుని పెరుగుతుంది. నీళ్లు ఎంత బలంగా ఉంటే అంత జోరు. పోషకాలు పుష్కలంగా ఉన్న నీళ్లలో పెరిగిన డక్‌వీడ్ ఎండు బరువులో మాంసకృత్తులు 35 శాతం దాటి 40 దాకా వెళ్లగలవు. పల్చటి నీళ్లలో పెరిగినదానిలో అందులో సగం కూడా ఉండకపోవచ్చు. అజొల్లాలో ఇంత ఎగుడుదిగుడు ఉండదు, మామూలుగా 20 నుంచి 30 శాతం మధ్యలో ఉంటుంది.

దీన్నిబట్టి ఒక సూత్రం దొరుకుతుంది. బోరు నీళ్లో వాన నీళ్లో, అంటే ఏమీ కలవని నీళ్లుంటే అజొల్లా పెంచండి. పశువుల కొట్టం కడిగిన నీళ్లు, గోబర్ గ్యాస్ స్లర్రీ, చేపల చెరువు పాత నీళ్లు ఉంటే డక్‌వీడ్ పెంచండి. అజొల్లా గుంతలో చిన్న బిళ్లలు కనిపించి రోజురోజుకూ ఎక్కువవుతున్నాయంటే పెండ మోతాదు మించిందని అనుమానించండి. నత్రజని ఎక్కువైన నీళ్లలో డక్‌వీడ్ గెలుస్తుంది. నత్రజని తక్కువై భాస్వరం అందుతుంటే అజొల్లా గెలుస్తుంది. యూరియా వేసి అజొల్లాను పెంచాలని చూసేవాళ్లు తెలియకుండా దాని పోటీదారుకే దాణా పెడుతున్నారు.

పాడి పశువులకు: అసలు లెక్క

ఇక్కడ కాస్త ఓపికగా లెక్క వేద్దాం. ఎందుకంటే ఎక్కువమంది ఆశపడేదీ, ఎక్కువమంది నిరాశపడేదీ ఇక్కడే.

పెరటి గుంత పద్ధతిని దేశమంతా ప్రచారంలోకి తెచ్చినవాళ్లలో కన్యాకుమారి వివేకానంద కేంద్రం ప్రకృతి వనరుల విభాగం ముఖ్యమైనది. 2 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు గుంత నుంచి బాగా చూసుకుంటే రోజుకు అర కిలో పైన పచ్చి అజొల్లా తీయవచ్చన్నది అందరూ చెప్పే లెక్క. అది సరైన లెక్కే. అయితే అజొల్లాలో 93, 94 పాళ్లు నీళ్లే. బర్రెకు రోజుకు 2 కిలోలు పెట్టారనుకోండి. నీళ్లు పోను మిగిలేది సుమారు 120 గ్రాములు. అందులో నాలుగో వంతు మాంసకృత్తులు, అంటే 30 గ్రాములు. అంత మాంసకృత్తు 70 గ్రాముల పల్లి చెక్కలో దొరుకుతుంది. ఇటు చూస్తే బర్రె పాలలో మాంసకృత్తులు 4 శాతం దగ్గర ఉంటాయి. పూటకు రెండున్నర లీటర్ల చొప్పున రోజుకు 5 లీటర్లిచ్చే బర్రె ఒక్క పాలలోనే 200 గ్రాములు బయటికి పంపుతోంది.

ఆ 2 కిలోలు రోజూ రావాలంటే ఒక్క బర్రెకే అలాంటి గుంతలు నాలుగు కావాలి. రెండు బర్రెలకు ఎనిమిది. పెరట్లో ఒక్క గుంత తవ్వి, దాణా మానేసి, పాలు పెరగాలని చూడటం ఆ జీవిని పస్తు పెట్టడమే. ఇది గట్టిగా చెప్పక తప్పదు.

మరి కొందరి ఇంట్లో పాలు నిజంగానే పెరిగాయి కదా అంటే, పెరిగే ఉంటాయి. యాసంగి కోతలయ్యాక మన దగ్గర చాలా బర్రెలు ఉత్త వరిగడ్డి మీద బతుకుతాయి. వరిగడ్డిలో మాంసకృత్తులు 3, 4 శాతమే, పచ్చదనం అసలే ఉండదు. అలాంటి జీవికి కొద్దిగా పచ్చిమేత పడ్డా తేడా కనబడుతుంది. అజొల్లాలో విటమిన్ ఏ తయారయ్యే పదార్థం, ఇనుము, కాల్షియం, మెగ్నీషియం ఉంటాయి. అవన్నీ లాభమే. ఇప్పటికే పచ్చగడ్డి, తవుడు, చెక్క సరిగ్గా అందుతున్న బర్రెకు అజొల్లా కలిపితే మాత్రం ఏదో అద్భుతం జరుగుతుందని ఆశించవద్దు.

పోల్చి చూడాల్సింది ఇంకొకటుంది. మీకు బోరు కింద రెండు గుంటల భూమి ఖాళీ ఉంటే దశరథ గడ్డి వేయండి. ఒకసారి వేస్తే కొన్నేళ్లపాటు కోసుకోవచ్చు. ఆకులో మాంసకృత్తులు బాగానే ఉంటాయి, రోజూ వడకట్టి కడిగే పని ఉండదు. పక్కనే సూపర్ నేపియర్ గడ్డి నాలుగు సాళ్లు, ఒడ్డు మీద అవిసె చెట్లు ఉంటే ఇంకా మంచిది. అజొల్లా గొప్పతనం చదరపు గజానికి వచ్చే దిగుబడిలో ఉంది. గుంట జాగాలో అజొల్లా ఇచ్చే మాంసకృత్తులు చాలా పశుగ్రాసాలకంటే తక్కువ కాదు, పైగా నేల సారంతో పని లేదు. కాబట్టి భూమి లేక ఇంటి వెనక జాగా మాత్రమే ఉండి, రోజూ పొద్దున అరగంట కేటాయించగలిగేవాళ్లకు అది సరైన ఎంపిక. భూమి ఉండి మనుషులు తక్కువగా ఉన్న ఇంటికి కాదు. కొట్టంలో పనంతా ఆడవాళ్ల మీదే పడే ఇళ్లలో గుంత మొదలుపెట్టే ముందు వాళ్లను అడగండి. రోజూ తీసి కడగాల్సింది వాళ్లే.

మేపడం మొదలుపెడితే మొదటి వారం పశువులు పెండ వాసనకు మూతి తిప్పుకుంటాయి. జల్లెడలో పోసి రెండు మూడు సార్లు మంచినీళ్లతో కడిగి, దాణాలో కొద్దికొద్దిగా కలిపి అలవాటు చేయాలి. ఆ కడిగిన నీళ్లలో చిన్న మొక్కలుంటాయి, తిరిగి గుంతలోనే పోయండి.

కోళ్లకు, బాతులకు

చిన్న గుంత ఉన్నవాళ్లకు నా సలహా ఎప్పుడూ కోళ్ల వైపే. అర కిలో అజొల్లా బర్రె నోట్లో రెండు గుటకలు. పది నాటుకోళ్లకు అదే రోజూ దొరికే పచ్చిమేత. గుడ్డు సొన రంగు ముదురుతుంది. మేతలో పూర్తిగా దీని మీద ఆధారపడకూడదు, ఎండు బరువు లెక్కన నూటికి 5 నుంచి 10 పాళ్లు చాలు. అంతకు మించితే పీచు, ఖనిజం ఎక్కువై అరగదు. పిల్లకోళ్లకు ఇంకా తక్కువ. బాతులుంటే డక్‌వీడ్ మేలు, వాటికది పుట్టుకతో వచ్చిన మేత. పేరే అందుకు పుట్టింది.

వరి పొలానికి: అజొల్లానా, జీలుగా?

వరిలో అజొల్లా వాడకం వియత్నాం, చైనాల్లో తరతరాలది. మన దేశంలో కటక్‌లోని వరి పరిశోధన సంస్థ 1970లలో దీని మీద చాలా పనిచేసింది. అంత చరిత్ర ఉన్నా మన పొలాల్లో ఎందుకు నిలవలేదన్నది ఆలోచించాలి.

పొలమంతా ఒక పొర పరుచుకుంటే హెక్టారుకు సుమారు 10 టన్నుల పచ్చి అజొల్లా అవుతుంది, దాని నుంచి 20 నుంచి 30 కిలోల నత్రజని. ఎకరా లెక్కకు తెస్తే 10 కిలోలనుకోండి. 45 కిలోల యూరియా బస్తాలో ఉండేది 20 కిలోల పైచిలుకు నత్రజని. అంటే ఒక పొర అజొల్లా అర బస్తా యూరియాతో సమానం. వరికి ఎకరాకు సిఫారసు 40 కిలోలకు పైనే ఉంటుంది కాబట్టి నాలుగో వంతు దీనితో తీరుతుంది. ఇది చిన్న సంగతేమీ కాదు. ఏటా యూరియా కోసం సొసైటీల ముందు చెప్పుల వరుసలు చూసినవాళ్లకు అర బస్తా విలువ తెలుసు.

జీలుగ వైపు చూద్దాం. తొలకరికి చల్లి, 45 నుంచి 50 రోజుల మధ్య పూత దశలో దమ్ములో కలిపితే ఎకరాకు 8 నుంచి 10 టన్నుల పచ్చిరొట్ట వస్తుంది. నత్రజని లెక్కన అది అజొల్లా ఒక పొరకంటే రెట్టింపు పైనే. చౌడు నేలల్లో జీలుగ చేసే మేలు అజొల్లా చేయలేదు. విత్తనం సబ్సిడీ మీద దొరుకుతుంది. జనుము, పిల్లిపెసర కూడా ఇదే కోవలోవి. కాబట్టి వానాకాలం నాట్ల ముందు నెలన్నర ఖాళీ ఉండి, ఒకట్రెండు వానలు పడే నమ్మకం ఉంటే జీలుగకే నా ఓటు. అజొల్లా గురించి ఆలోచించనవసరం లేదు.

అజొల్లా చోటు యాసంగిలో ఉంది. వానాకాలం వరి కోసి యాసంగి నాట్లకు మధ్య జీలుగ పెరిగే గడువు దొరకదు. జనవరి, ఫిబ్రవరిలో మన దగ్గరి ఎండ అజొల్లాకు సరిగ్గా సరిపోతుంది. అది 20 నుంచి 30 డిగ్రీల మధ్య హాయిగా పెరిగి వారం లోపే రెట్టింపవుతుంది. వానాకాలంలో ఇదే మొక్కను వేస్తే ఆగస్టు వానలకు మడి పొంగి, పై మడిలోది కింది మడిలోకి, అక్కడి నుంచి వాగులోకి పోతుంది. మడి నుంచి మడికి నీళ్లు పారించుకునే మన పద్ధతిలో పక్కవాడి పొలానికి ఎరువు వేసినట్టవుతుంది.

అయితే యాసంగిలో కూడా ఒక షరతు ఉంది. నీళ్లు నిలబడాలి. శ్రీరాంసాగర్ కాలువ కింద వంతుల వారీగా నీళ్లొచ్చే చివరి ఆయకట్టులో మడి ఆరిపోయినప్పుడల్లా అజొల్లా బురద మీద పడి ఎండిపోతుంది. తడి పొడి పద్ధతిలో నీళ్లు పొదుపు చేసేవాళ్లకు కూడా ఇది కుదరదు. బోరు కింద, బావి కింద రెండంగుళాల నీళ్లు ఎప్పుడూ నిలిపే పొలాలకు, రామప్ప, పాఖాల వంటి పెద్ద చెరువుల కింద తూము దగ్గరి పొలాలకు సరిపోతుంది.

నాటిన వారం పది రోజులకు ఎకరాకు కనీసం 200 కిలోల పచ్చి అజొల్లా చల్లాలి. పెరటి గుంత నెలకు ఇచ్చేది 15 కిలోలే కాబట్టి అది సరిపోదు. నాట్లకు నెల ముందే పొలం మూలన రెండు గుంటల మడి కట్టి, పెండ, భాస్వరం ఇచ్చే సూపర్ ఫాస్ఫేట్ వేసి అక్కడ పెంచుకోవాలి. పొలంలో వేశాక 10 నుంచి 20 కిలోల సూపర్‌ను ఒకేసారి కాకుండా రెండు మూడు దఫాలుగా చల్లితే పొర తొందరగా కప్పుకుంటుంది. కలుపు మందు చల్లిన వెంటనే అజొల్లా వేస్తే చచ్చిపోతుంది, కొన్ని రోజులు ఆగాలి.

చాలామంది వదిలేసే మెట్టు ఇక్కడుంది. బతికి తేలుతున్న అజొల్లా వరికి ఇచ్చే నత్రజని చాలా తక్కువ. అది చచ్చి కుళ్లితేనే ఎరువు. పొలం నిండా కప్పుకున్నాక నీళ్లు తీసేసి, కలుపు తీసేటప్పుడు కాళ్లతోనో, చేత్తో తోసే కలుపు యంత్రం కోనో వీడర్‌తోనో బురదలోకి తొక్కాలి. తర్వాత నీళ్లు పెడితే మిగిలిన ముక్కలు మళ్లీ పెరుగుతాయి, రెండో పొర వస్తుంది. తొక్కకుండా కోతల దాకా వదిలేసి ఫలితం లేదనుకుంటే ఆ తప్పు అజొల్లాది కాదు.

తేలుతూ ఉన్నన్నాళ్లు కూడా అది ఊరికే లేదు, అది వేరే మేలు. ఎండ నీళ్లలోకి దిగనివ్వదు కాబట్టి కలుపు గింజలు తక్కువ మొలుస్తాయి. నీళ్లలో నాచు పెరిగితే మధ్యాహ్నం నీటి క్షారగుణం పెరిగి, చల్లిన యూరియాలో కొంత అమ్మోనియాగా మారి గాలిలో కలిసిపోతుంది. పైన అజొల్లా దుప్పటి ఉంటే నాచు పెరగదు, ఆ నష్టం తగ్గుతుంది. అంటే మీరు వేసే యూరియా కూడా పంటకు ఎక్కువ దక్కుతుంది. నా మటుకు నాకు అజొల్లా ఇచ్చే నత్రజని కంటే ఈ కాపాడే గుణమే ఎక్కువ విలువైనదనిపిస్తుంది.

చేపలకు, మురికి నీళ్లకు

గడ్డిచేపకు డక్‌వీడ్ ఇష్టమైన మేత, బంగారుతీగ కూడా తింటుంది. బొచ్చె నీళ్ల పైపొరలోని సూక్ష్మజీవుల మీద బతికే చేప, దానికి ఇది పెద్దగా ఉపయోగపడదు. కాబట్టి మీ కుంటలో ఏ చేప ఉందో చూసి నిర్ణయించుకోండి. చేపల కుంటలోనే నేరుగా పెంచవద్దు. పైనంతా కప్పుకుంటే లోపలికి వెలుతురు పోదు, నీళ్లలో ప్రాణవాయువు పడిపోయి తెల్లవారుజామున చేపలు నోరు తెరుచుకుని పైకి తేలతాయి. పక్కన వేరే మడిలో పెంచి, తిన్నంత తెచ్చి వెదురు చట్రంలో వేయాలి. గంటలో ఖాళీ అయితే రేపు కొంచెం పెంచండి, సాయంత్రానికి మిగిలితే తగ్గించండి.

మురికి నీళ్ల శుద్ధికి డక్‌వీడ్‌ను మించిన చిన్న మొక్క లేదు. బంగ్లాదేశ్‌లోని మీర్జాపూర్‌లో ఆసుపత్రి మురుగును డక్‌వీడ్ మడుల గుండా పంపి, ఆ డక్‌వీడ్‌తో చేపలు పెంచిన ప్రయోగం ప్రపంచమంతా చదువుకున్నారు. మన హాస్టళ్లు, గురుకులాల వెనక పారే నీళ్లకు ఈ ఆలోచన పనికొస్తుంది. మర్చిపోకూడని మాట ఒక్కటే: మొక్క నీళ్లలోని పోషకాన్ని పీల్చుకున్నాక దాన్ని బయటికి తీస్తేనే నీళ్లు శుభ్రపడినట్టు. తీయకుండా వదిలేస్తే అది అక్కడే కుళ్లి, పీల్చుకున్నదంతా తిరిగి నీళ్లలోకే వదులుతుంది. ఊరి కుంట మీద ఏటా డక్‌వీడ్ కడుతోందంటే ఎక్కడి నుంచో మురుగో ఎరువో కలుస్తోందని అర్థం. మొక్కను తిట్టేముందు ఆ కాలువ ఎక్కడిదో వెతకాలి.

ఇంకో జాగ్రత్త. ఈ మొక్కలు సీసం, కాడ్మియం వంటి లోహాలను కూడా అంతే ఇష్టంగా పీల్చుకుంటాయి. ఫ్యాక్టరీ నీళ్లు, పట్టణ మురుగు కాలువల్లో పెరిగిన డక్‌వీడ్‌నైనా అజొల్లానైనా పశువులకు, కోళ్లకు, చేపలకు పెట్టవద్దు. కంపోస్టు చేసినా కూరగాయలకు కాకుండా పూల మొక్కలకు వాడండి.

గుంత తవ్వాలనే తేల్చుకుంటే

చోటు అన్నిటికంటే ముఖ్యం. మే నెలలో వరంగల్, రామగుండం వైపు 43, 44 డిగ్రీలు మామూలే. 35 దాటితేనే అజొల్లా నీరసిస్తుంది. వేప కిందనో చింత కిందనో సగం నీడ పడే చోటు చూడండి, పూర్తి నీడ కూడా పనికిరాదు. చెట్టు లేకపోతే మార్చి నుంచి జూన్ దాకా పచ్చ నెట్ కట్టాలి. ఆకులు రాలి కుళ్లకుండా రోజూ ఏరేయాలి.

గుంత 20 సెంటీమీటర్ల లోతు చాలు. చుట్టూ ఇటుకలు పేర్చి గట్టి తాటిపత్రి పరిస్తే తవ్వే పని కూడా ఉండదు. జల్లించిన మట్టి 10 నుంచి 15 కిలోలు, 2 కిలోల పచ్చి పెండ 10 లీటర్ల నీళ్లలో కలిపి, 30 గ్రాముల సూపర్ ఫాస్ఫేట్ వేసి, నాలుగంగుళాల నీళ్లు నిలిపి, అర కిలో నుంచి కిలో అజొల్లా చల్లితే వారం పది రోజుల్లో కప్పుకుంటుంది. భగీరథ నల్లా నీళ్లయితే క్లోరిన్ పోవడానికి ఒక రోజు తొట్టిలో నిలవ ఉంచి పోయండి. బోరు నీళ్లు ఉప్పగా, సున్నపు మరకలు పడేలా ఉంటే అజొల్లా పాలిపోతుంది, అలాంటప్పుడు వాన నీళ్లు పట్టి కలపడం మంచిది. ఐదు రోజులకోసారి కిలో పెండ, 20 గ్రాముల సూపర్. పది రోజులకోసారి పావు వంతు నీళ్లు మార్చాలి, నెలకోసారి 5 కిలోల మట్టి మార్చాలి, ఆరు నెలలకు అంతా తీసి కొత్తగా వేయాలి. తీసిన నీళ్లు కూరగాయలకు పోస్తే మంచి ఎరువు.

రోజూ తీయడం మానకండి. తీయకపోతే పొరలు ఒకదాని మీద ఒకటి కట్టి కింద కుళ్లు మొదలవుతుంది, పురుగు పడుతుంది, నత్తలు చేరతాయి.

రకం విషయానికొస్తే, మన దేశపు అజొల్లా పిన్నాటా ఎండను తట్టుకుంటుంది కానీ చిన్నది. మైక్రోఫిల్లా దిగుబడి ఎక్కువ, ఎండకూ ఫరవాలేదు. ఫిలిక్యులాయిడిస్ చలి ప్రాంతాలది, మన వేసవికి వద్దు.

చెరువులోకి పోనివ్వకండి

సాల్వీనియా పుట్టిల్లు బ్రెజిల్. కేరళ కాలువల్లోకి చేరి పడవలు కదలనివ్వకుండా, వరి మడులు కప్పేసి ఎంత నష్టం చేసిందో ఆ రాష్ట్రం దశాబ్దాలు అనుభవించింది. చివరికి దాన్ని మాత్రమే తినే చిన్న ముక్కుపురుగును తెచ్చి వదిలితే అదుపులోకి వచ్చింది. మధ్యప్రదేశ్‌లో బేతుల్ జిల్లా సర్ణి జలాశయంలోనూ అదే పురుగుతో పని జరిగింది. గుర్రపుడెక్క సంగతి వరంగల్‌లో ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. అంతరతామర అందంగా కనిపిస్తుందని తొట్టిలో పెంచుకునేవాళ్లుంటారు, దాని వేళ్లను పట్టుకుని మాన్సోనియా దోమ పిల్లలు గాలి పీలుస్తాయి. కొన్నిచోట్ల బోదకాలును మోసేది ఆ దోమే. ఈ మూడూ పశువులకు మేతగా చెప్పుకోదగ్గవి కావు. ఎక్కడైనా తీయాల్సి వస్తే కంపోస్టు గుంతకు తప్ప ఇంకెక్కడికీ పంపవద్దు.

గుంతలో మొదట వేసే అజొల్లా మొక్క తెచ్చుకునేటప్పుడే ఈ జాగ్రత్త మొదలవ్వాలి. మామునూరు, మల్యాల, జమ్మికుంట కృషి విజ్ఞాన కేంద్రాల్లోనో, దగ్గరి పశువైద్యశాలలోనో అడగండి. పక్క ఊరి రైతు దగ్గర తెచ్చుకున్నా నేరుగా గుంతలో వేయకుండా వారం రోజులు ఒక టబ్బులో విడిగా ఉంచండి. నూగు ఆకులు, పచ్చబిళ్లలు, నత్త గుడ్లు ఏవైనా కనిపిస్తే ఏరి ఎండలో ఆరబెట్టండి. గుంత ఎత్తేసే రోజు వస్తే మిగిలిన అజొల్లాను కూడా కాలువలోకో కుంటలోకో వదలవద్దు. వానాకాలం చెరువు మత్తడి దుంకిందంటే అది ఎన్ని ఊళ్లు దాటుతుందో మన చేతిలో ఉండదు. పెండకుప్పలో వేసి మట్టి కప్పితే వచ్చే దుక్కికి ఎరువవుతుంది.